ఆర్మీ ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్‌తో కాలేజీ మారాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు ఫ్రిస్కోలో ఉంటారు. మీ అబ్బాయికి నాలుగేళ్ల ఆర్మీ ఆర్‌ఓటీసీ (కాలేజీలో చదువుతూనే అమెరికా సైన్యంలో అధికారి కావడానికి శిక్షణ ఇచ్చే రిజర్వ్ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్) స్కాలర్‌షిప్ వచ్చింది, టెక్సస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీలో మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఏరోస్పేస్ ఇంజనీరింగ్ మీద మనసు పడింది, అక్కడ ఆ కోర్సు లేదు. వచ్చే ఫాల్ సెమిస్టర్‌కి ఇండియానాలోని పర్డ్యూకో, జార్జియాలోని జార్జియా టెక్‌కో వెళ్దామనుకుంటున్నాడు. స్కాలర్‌షిప్ వెంట వస్తుందా, రాకపోతే ఇప్పటిదాకా ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టాలా, మీరే అక్కడి కల్నల్ గారికి ఫోన్ చేసి మాట్లాడవచ్చా అని మూడు అడిగారు.

వస్తుంది. కానీ దానంతటది రాదు. పాత కాలేజీలోని బెటాలియన్ (అక్కడి ఆర్‌ఓటీసీ విభాగం) అతన్ని వదలాలి, కొత్త చోటి బెటాలియన్ తీసుకోవాలి, పైన ఆర్‌ఓటీసీని నడిపే ఆర్మీ విభాగమైన క్యాడెట్ కమాండ్ ఒప్పుకోవాలి. ఈ మూడూ కాగితం మీద పూర్తయ్యేవరకు మీ అబ్బాయి ఇప్పుడున్న కాలేజీలో సీటు వదులుకోకూడదు. నేను ఆర్మీలో అధికారిగా పనిచేసి, సర్వీసు చివర్లో ఒక యూనివర్సిటీ ఆర్‌ఓటీసీ విభాగంలో క్యాడెట్ల చేరికలు, కాంట్రాక్టుల పని చూశాను. బదిలీ కోసం వచ్చిన పిల్లల్లో ఇబ్బంది పడ్డవాళ్లు దాదాపు అందరూ ఒకే పని చేశారు. కొత్త కాలేజీలో అడ్మిషన్ రాగానే స్కాలర్‌షిప్ కూడా వచ్చినట్టే అనుకున్నారు. అడ్మిషన్ ఇచ్చేది యూనివర్సిటీ. స్కాలర్‌షిప్ ఇచ్చేది ఆర్మీ. ఒకరి నిర్ణయంతో మరొకరికి సంబంధం లేదు.

మన ఇళ్లలో చాలామంది ఆర్‌ఓటీసీని ఇండియాలోని ఎన్‌సీసీలా చూస్తారు. ఎన్‌సీసీలో 'సి' సర్టిఫికెట్ తెచ్చుకున్నా సైన్యంలో చేరాలనే నిర్బంధం లేదు. ఇక్కడ స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లవాడు ఒప్పందం మీద సంతకం పెడతాడు. దాన్ని డీఏ ఫారం 597-3 అంటారు. కమిషన్ (సైన్యంలో అధికారి హోదా) వచ్చాక మొత్తం 8 ఏళ్ల సైనిక బాధ్యత ఉంటుందని, మధ్యలో మాట తప్పితే ఏం జరుగుతుందో, ఏ కాలేజీలో ఏ డిగ్రీ కోసం ఈ డబ్బు ఇస్తున్నారో అందులో రాసి ఉంటుంది. 1964లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో ఈ స్కాలర్‌షిప్‌లు మొదలయ్యాయి. దేశానికి అధికారులు కావాలి కాబట్టి ఇస్తున్న డబ్బు ఇది. ముందుగా ఆ ఒప్పందం కాపీ తీసి మీరిద్దరూ కూర్చుని చదవండి. కాలేజీ పేరు, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) పేరు, డిగ్రీ పూర్తయ్యే తేదీ, ఈ మూడూ మీ అబ్బాయి విషయంలో మారబోతున్నాయి. అంటే కాలేజీ మార్పుకే కాదు, మేజర్ మార్పుకు కూడా అనుమతి కావాలి.

ఇక మొదట మాట్లాడాల్సింది ఎవరితో అన్నది. చాలామంది పిల్లలు సిగ్గుపడో భయపడో ఇప్పుడున్న బెటాలియన్‌కు చెప్పకుండా బయటి నుంచి పని మొదలుపెడతారు. అది తప్పు దారి. అక్కడి అధిపతిని ప్రొఫెసర్ ఆఫ్ మిలిటరీ సైన్స్ అంటారు, అందరూ పీఎంఎస్ అనే పిలుస్తారు, సాధారణంగా లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో ఉంటారు. వదలాల్సింది ఆయనే లేదా ఆమే. కొత్త చోటి పీఎంఎస్ అడిగే మొదటి ప్రశ్న కూడా "మీ పీఎంఎస్‌కు తెలుసా?" అనే. తెలియదంటే మాట అక్కడే ఆగిపోతుంది. తెలుసు, ఆయన సుముఖంగా ఉన్నారు అంటే మిగతాది సాఫీగా నడుస్తుంది.

ఆ మాట ఎలా చెప్పాలో కూడా అబ్బాయితో ముందుగా అనుకోండి. "అక్కడ ర్యాంకింగ్ బాగుంది", "మా స్నేహితులు అక్కడున్నారు" అన్న కారణాలు నిలబడవు. కమిషన్ వచ్చే రోజున పర్డ్యూ నుంచి వచ్చిన సెకండ్ లెఫ్టినెంట్‌కూ, చిన్న స్టేట్ కాలేజీ నుంచి వచ్చిన సెకండ్ లెఫ్టినెంట్‌కూ జీతం ఒకటే, హోదా ఒకటే. ఆ సంగతి పీఎంఎస్‌కు బాగా తెలుసు. "నేను చదవాలనుకున్న కోర్సు ఇక్కడ లేదు, అక్కడ ఉంది, సమయానికి డిగ్రీ పూర్తి చేయగలనని ఇదిగో నా ప్రణాళిక" అంటే ఎవరైనా వింటారు. మీ అబ్బాయి కారణం నిజంగా గట్టిదే. ఇంట్లో అనారోగ్యం, తండ్రి ఉద్యోగం పోవడం లాంటి కుటుంబ కష్టాలనూ వాళ్లు గౌరవంగానే చూస్తారు.

అబ్బాయి స్థితి బాగుండాలి. సమష్టి జీపీఏ (అన్ని గ్రేడ్ల సగటు) కనీసం 2.0 ఉండటం నియమం. నిజానికి బదిలీ అడిగే క్యాడెట్‌కు అంతకంటే చాలా మెరుగ్గా ఉండాలి, ఎందుకంటే ఇంజనీరింగ్‌కు వెళ్తున్నాడు. ఫిట్‌నెస్ పరీక్ష పాసై ఉండాలి. 2025 జూన్ నుంచి ఏసీఎఫ్‌టీ అనే పాత పరీక్ష స్థానంలో ఆర్మీ ఫిట్‌నెస్ టెస్ట్ వచ్చింది, పేరు మారిందని గుర్తుంచుకోండి. ఎత్తుకు తగ్గ బరువు ఉండాలి. ఇందులో ఏది తప్పినా బదిలీ మాట పక్కకు పోతుంది, ముందు దాన్ని సరిచేసుకోమంటారు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. అది క్రెడిట్లు, అంటే పాత చోట చదివిన కోర్సులు కొత్త కాలేజీలో చెల్లడం.

నాలుగేళ్ల స్కాలర్‌షిప్ అంటే 8 సెమిస్టర్ల డబ్బు. ఇప్పటికే వాడిన సెమిస్టర్లు అందులోంచి పోతాయి. కాలేజీ మారినంత మాత్రాన లెక్క మళ్లీ మొదటినుంచి రాదు. మీ అబ్బాయి రెండు సెమిస్టర్లు పూర్తి చేసి వెళ్తే అతని దగ్గర ఆరు మిగులుతాయి. ఆ ఆరింటిలో ఏరోస్పేస్ డిగ్రీ పూర్తవుతుందా? దీనికి సమాధానం చెప్పే కాగితం ఒకటుంది, క్యాడెట్ కమాండ్ ఫారం 104-ఆర్. డిగ్రీకి కావలసిన ప్రతి కోర్సూ ఏ సెమిస్టర్లో చదువుతాడో వరసగా రాసి, కాలేజీ అడ్వైజర్ చేత సంతకం చేయించాలి. బదిలీ ఫైలులో అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఇదే.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మన తెలుగు అమ్మాయే. స్టేట్ కాలేజీలో మొదటి ఏడాది చక్కగా చదివింది, అన్నీ మంచి గ్రేడ్లే. కొత్త కాలేజీ ఆమె గణితం కోర్సును తీసుకుంది, ఫిజిక్స్‌ను ఎలక్టివ్ కింద మాత్రమే తీసుకుంది, ఎందుకంటే ఆమె చదివినది కాల్క్యులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్ కాదు. ఇంజనీరింగ్‌లో ఫిజిక్స్ లేకుండా స్టాటిక్స్‌కు వెళ్లలేరు, స్టాటిక్స్ లేకుండా డైనమిక్స్‌కు వెళ్లలేరు. ఒక్క కోర్సు వెనకబడటంతో 104-ఆర్‌లో ఆమెకు మొత్తం 9 సెమిస్టర్లు వచ్చాయి. తొమ్మిదో సెమిస్టర్‌కు స్కాలర్‌షిప్ లేదు. ఆమె ఏడవలేదు, గొడవ పెట్టలేదు. వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో ఆ ఫిజిక్స్ పూర్తి చేసింది, ఆ కోర్సు చెల్లుతుందని కొత్త కాలేజీ నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకుంది, 104-ఆర్ మళ్లీ నింపి 8 సెమిస్టర్లకు తెచ్చింది. అప్పుడే ఫైలు ముందుకు కదిలింది. మీ అబ్బాయి కూడా ఈ సెమిస్టర్ నుంచే కొత్త కాలేజీ క్రెడిట్ల పట్టిక పక్కన పెట్టుకుని కోర్సులు ఎంచుకోవాలి. కొన్ని ఇంజనీరింగ్ కోర్సులకు స్కాలర్‌షిప్ కాలం పొడిగించే వీలుంది, కానీ అది విడిగా అడిగి తెచ్చుకోవాల్సిన అనుమతి. దాన్ని నమ్ముకుని ప్రణాళిక వేయకండి.

ఫైలులో ఇంకా ఏముంటాయంటే, బదిలీ ఎందుకో చెబుతూ క్యాడెట్ రాసిన ఉత్తరం, ఇప్పటి పీఎంఎస్ వదులుతున్నట్టు ఇచ్చే పత్రం, కొత్త పీఎంఎస్ తీసుకుంటామని ఇచ్చే పత్రం, అడ్మిషన్ లెటర్, మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్, రెండు కాలేజీల ఖర్చుల వివరం. ఇవి కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న క్యాడెట్ కమాండ్ దాకా వెళ్తాయి. ఖర్చు పెరిగే బదిలీల మీద వాళ్ల కన్ను పడుతుంది. మీ విషయంలో ఇది ముఖ్యం. ఇప్పుడు టెక్సస్ నివాసిగా ఇన్‌స్టేట్ ఫీజు నడుస్తోంది. ఇండియానాకో జార్జియాకో వెళ్తే అవుట్ ఆఫ్ స్టేట్ ఫీజు, అది రెట్టింపు దాటుతుంది. ఆర్మీ ట్యూషన్ మొత్తం కట్టే స్కాలర్‌షిప్ అయినంత మాత్రాన పెద్ద ఖర్చును కళ్లు మూసుకుని ఒప్పుకోదు. అందుకే నేనైతే టెక్సస్ ఏ అండ్ ఎం, యూటీ ఆస్టిన్, యూటీ ఆర్లింగ్టన్ పేర్లు కూడా జాబితాలో పెడతాను. మూడింట్లోనూ ఏరోస్పేస్ ఉంది, మూడింట్లోనూ ఆర్మీ ఆర్‌ఓటీసీ ఉంది, మీరు రాష్ట్రం దాటనక్కర్లేదు. ఏ అండ్ ఎంలో మాత్రం ఆర్‌ఓటీసీ అంటే కోర్ ఆఫ్ క్యాడెట్స్ జీవితం. యూనిఫాం, డార్మ్, తెల్లవారుజాము కవాతు అన్నీ ఉంటాయి. అది అబ్బాయికి ఇష్టమో కాదో అడగండి. కొందరు పిల్లలు అందులో వికసిస్తారు, కొందరికి ఊపిరాడదు.

డబ్బు విషయంలో తల్లిదండ్రులు మరిచిపోయేది ఇంకొకటుంది. చాలా కాలేజీలు ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ ఉన్న పిల్లలకు సొంతంగా హాస్టల్ గదో, భోజనమో ఉచితంగా ఇస్తాయి. అది ఆర్మీ డబ్బు కాదు, ఆ కాలేజీది. కాలేజీ మారితే అది అక్కడే ఆగిపోతుంది. కొత్త కాలేజీ బదిలీ మీద వచ్చేవాళ్లకు ఇస్తుందో లేదో విడిగా అడగాలి. ఆర్మీ ఇచ్చే పుస్తకాల డబ్బు ఏడాదికి 1,200 డాలర్లు, నెలకు 420 డాలర్ల స్టైపెండ్, ఇవి కొత్త బెటాలియన్‌లో పేరు ఎక్కాక మళ్లీ మొదలవుతాయి. మధ్యలో ఒకటి రెండు నెలలు ఖాళీ రావచ్చు. ఆగస్టులో కొత్త కాలేజీ ఫీజు బిల్లు ముందే వచ్చేస్తుంది, ఆర్మీ చెల్లింపు తర్వాత వస్తుంది. బెటాలియన్ నుంచి ఒక ఉత్తరం తీసుకుని ఫీజుల ఆఫీసుకు ఇస్తే గడువు ఇస్తారు. ఇది తెలియక ఎంతో మంది తల్లిదండ్రులు ఆగస్టులో క్రెడిట్ కార్డు మీద వేల డాలర్లు కట్టేస్తారు.

రెండో ప్రశ్న, డబ్బు వెనక్కి కట్టాలా అన్నది. నాలుగేళ్ల స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లకు మొదటి సంవత్సరం ఒక రక్షణ ఉంది. రెండో సంవత్సరం తరగతులు మొదలయ్యేలోపు ప్రోగ్రామ్ వదిలేస్తే సైనిక బాధ్యత గానీ, అప్పు గానీ ఉండదు. ఆ తేదీ దాటితే కథ మారిపోతుంది. ఆ తర్వాత అనుమతి లేకుండా కాలేజీ వదిలితే ఒప్పందం ఉల్లంఘించినట్టే. విచారణ జరుగుతుంది, క్యాడెట్ మాట చెప్పుకునే అవకాశం ఇస్తారు, కానీ తప్పు తేలితే ఇచ్చిన డబ్బు వడ్డీతో కట్టమనవచ్చు, లేదా సాధారణ సైనికుడిగా యాక్టివ్ డ్యూటీకి పిలవవచ్చు. రెండింట్లో ఏదన్నది ఎంచుకునేది ఆర్మీ, పిల్లవాడు కాదు.

ఈ మొదటి సంవత్సరపు రక్షణ చూసి కొందరు తల్లిదండ్రులు ఇంకో లెక్క వేస్తారు. "ఇక్కడ వదిలేద్దాం, అప్పు లేదు కదా, కొత్త కాలేజీలో మూడేళ్ల స్కాలర్‌షిప్‌కు మళ్లీ అప్లై చేద్దాం" అని. అలా మూడేళ్ల స్కాలర్‌షిప్‌లు క్యాంపస్‌లో ఇస్తారు, నిజమే. కానీ అది ఆ ఏడు ఆ బెటాలియన్‌కు ఎన్ని వచ్చాయి, ఎంతమంది పోటీలో ఉన్నారు అన్నదాని మీద ఆధారపడుతుంది. చేతిలో ఉన్నది వదిలి అటు వెళ్లమని నేను ఏ పిల్లవాడికీ చెప్పను. బదిలీకి పీఎంఎస్ ఖచ్చితంగా కాదన్నప్పుడు, కుటుంబం సొంత డబ్బుతో కనీసం ఒక సంవత్సరం నెట్టుకురాగలిగినప్పుడు మాత్రమే ఆలోచించాల్సిన దారి అది.

కొత్త కాలేజీలో ఆర్మీ ఆర్‌ఓటీసీ లేకపోతే ఏమిటని కొందరు అడుగుతుంటారు. అప్పుడు దగ్గర్లోని మరో కాలేజీలో క్లాసులకు వెళ్లే ఏర్పాటు ఉందేమో చూడాలి. స్టాన్‌ఫర్డ్ పిల్లలు ఆర్మీ ఆర్‌ఓటీసీ కోసం శాంటా క్లారా యూనివర్సిటీకి, నేవీ కోసం బర్కిలీకి, ఎయిర్‌ఫోర్స్ కోసం సాన్ హోసే స్టేట్‌కు వెళ్తారు. బోస్టన్ ప్రాంతంలో ఎంఐటీలో ఉన్న బెటాలియనే హార్వర్డ్, టఫ్ట్స్ పిల్లలనూ చూస్తుంది. అలాంటి చోట ఒక కాలేజీ నుంచి పక్క కాలేజీకి మారితే పీఎంఎస్ మారరు, పని చాలా తేలిక.

ఎయిర్‌ఫోర్స్, నేవీ స్కాలర్‌షిప్‌లున్న పిల్లల తల్లిదండ్రులకు రెండు మాటలు. ఎయిర్‌ఫోర్స్‌లో స్కాలర్‌షిప్ రకాన్ని బట్టి ఉంటుంది. టైప్ 1 ఉంటే ఎయిర్‌ఫోర్స్ ఆర్‌ఓటీసీ ఉన్న ఏ కాలేజీలోనైనా పూర్తి ట్యూషన్. టైప్ 2 ఏడాదికి 18,000 డాలర్ల పరిమితిలో ఉంటుంది. టైప్ 7 సొంత రాష్ట్రపు ప్రభుత్వ కాలేజీకి ఉద్దేశించింది. దాన్ని ప్రైవేటు కాలేజీలో వాడాలంటే మూడేళ్ల టైప్ 2గా మార్చుకోవాలి. అక్కడ కాలేజీ కంటే మేజర్ ముఖ్యం, ఇంజనీరింగ్ కోసం ఇచ్చినది ఆర్ట్స్‌కు మారితే పోతుంది. నేవీ స్కాలర్‌షిప్ ఒక యూనివర్సిటీలోని యూనిట్‌కు కట్టి ఇస్తారు. మరో యూనివర్సిటీకి మారాలంటే అక్కడి యూనిట్‌లో ఖాళీ ఉండాలి, నేవల్ సర్వీస్ ట్రైనింగ్ కమాండ్ ఒప్పుకోవాలి. నేవీ ఆప్షన్ (నేవీ అధికారులు కాబోయే) పిల్లలు ఏ మేజర్ చదివినా కాల్క్యులస్, కాల్క్యులస్ ఆధారిత ఫిజిక్స్ తప్పనిసరి, రెండో ఏడాది చివరికి మొదటిది, మూడో ఏడాది చివరికి రెండోది. పైన చెప్పిన అమ్మాయి లాంటి ఫిజిక్స్ చిక్కు నేవీలో అయితే ఇంకా బరువుగా పడుతుంది.

ఏ ఏడాదిలో మారుతున్నారన్నది మూడు సర్వీసుల్లోనూ ముఖ్యమే. మీ అబ్బాయి మొదటి ఏడాది చివర్లో మారడం మంచిదే. ఎయిర్‌ఫోర్స్‌లో రెండో ఏడాది వసంతంలో ఫీల్డ్ ట్రైనింగ్‌కు ఎంపిక జరుగుతుంది, అందులో కమాండర్ ఇచ్చే ర్యాంకుకు విలువ ఉంటుంది. ఆర్మీలో మూడో ఏడాది తర్వాత వేసవిలో ఫోర్ట్ నాక్స్‌లో అడ్వాన్స్‌డ్ క్యాంప్ ఉంటుంది, బ్రాంచ్ (ఆర్మీలో ఏ విభాగంలో చేరాలన్నది) నిర్ణయించే మెరిట్ జాబితాలో జీపీఏతో పాటు క్యాంప్ ఫలితం, పీఎంఎస్ అంచనా కూడా చేరతాయి. సరిగ్గా ఆ ముందు సెమిస్టర్లో కొత్త చోటికి వెళ్తే మిమ్మల్ని అంచనా వేయాల్సిన మనిషికి మీరెవరో తెలియదు.

మూడో ప్రశ్న, మీరే ఫోన్ చేయవచ్చా అన్నది. దయచేసి చేయకండి. తండ్రిగా మీ ఆత్రం నాకు తెలుసు, నాకూ పిల్లలున్నారు. కానీ కొత్త పీఎంఎస్ అక్కడ ఒక విద్యార్థిని కాదు, రేపు ముప్పై నలభై మంది సైనికులకు నాయకుడు కాబోయేవాడిని చూస్తున్నారు. తన సమస్యను తానే వివరించలేని క్యాడెట్ కోసం తండ్రి మాట్లాడితే ఆ ఫోన్ కాల్ అబ్బాయికి చెడే చేస్తుంది. పైగా 18 ఏళ్లు నిండిన విద్యార్థి వివరాలను అతని అనుమతి లేకుండా కాలేజీ సాధారణంగా మీతో మాట్లాడకూడదని 1974 నాటి ఫెడరల్ చట్టమే ఉంది. మీరు చేయగలిగింది వేరే ఉంది. ఒప్పందం చదవడంలో సాయం చేయండి, ఫీజుల లెక్క వేయండి, ఉత్తరం రాశాక చదివి పెట్టండి. అతను పర్డ్యూ బెటాలియన్‌ను చూడటానికి వెళ్లాలంటే కారు నడపండి, కానీ పార్కింగ్‌లో ఆగండి.

మరో చిన్న సంగతి, ఇక్కడ చెప్పకపోతే ఎవరూ చెప్పరు. భారత ప్రభుత్వ నియమం ప్రకారం విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు గానీ, చేసి రిటైరైనవాళ్లకు గానీ ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఇవ్వరు. కమిషన్ వచ్చాక నాయనమ్మను చూడ్డానికి గుంటూరు వెళ్లాలంటే మామూలు వీసా మీదే వెళ్లాలి, విదేశీ ప్రయాణం ముందుగా పై అధికారులకు తెలియజేయాలి. ఇది బదిలీకి అడ్డం కాదు, ఇంట్లో పెద్దవాళ్లకు ముందే తెలిసి ఉంటే మంచిది.

వరస చెప్పాలంటే, ఈ వారమే అబ్బాయి తన పీఎంఎస్ అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఆయన సరేనన్నాక కొత్త కాలేజీల్లోని ఆర్‌ఓటీసీ విభాగాలకు, ముఖ్యంగా అక్కడ చేరికలు చూసే రిక్రూటింగ్ ఆపరేషన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ రాయాలి. అందులో తన పేరు, సంవత్సరం, జీపీఏ, ఫిట్‌నెస్ స్కోరు, మేజర్, పీఎంఎస్‌కు తెలిసిన సంగతి ఉంటే చాలు, పేజీలు అక్కర్లేదు. చాలా యూనివర్సిటీల బదిలీ దరఖాస్తు గడువు వసంతంలోనే ముగుస్తుంది కాబట్టి అడ్మిషన్ పని, ఆర్‌ఓటీసీ పని పక్కపక్కనే నడవాలి. అడ్మిషన్ వచ్చిన రోజే కొత్త అడ్వైజర్‌తో కూర్చుని 104-ఆర్ నింపించాలి. వదిలే ముందు పాత బెటాలియన్‌లో తీసుకున్న యూనిఫాం, బూట్లు, సామాను సప్లై గదిలో లెక్క చూపి రసీదు తీసుకోవాలి, లేకపోతే ఆ సామాను ఖరీదు అతని పేరు మీద అప్పుగా ఉండిపోతుంది. క్యాడెట్ కమాండ్ అనుమతి చేతికి రాకముందు పాత కాలేజీలో ఫాల్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోవద్దు. జూలై చివరికి కూడా అనుమతి రాకపోతే పాత చోటే ఇంకో సెమిస్టర్ చదవడానికి సిద్ధంగా ఉండమనండి. ఆ సెమిస్టర్లో పర్డ్యూ తీసుకునే కోర్సులే ఎంచుకుంటే నష్టం పెద్దగా ఉండదు, స్ప్రింగ్‌లో మళ్లీ అడగవచ్చు.

అబ్బాయి ఒప్పందంలో మేజర్ దగ్గర ఏం రాసి ఉందో, ఇప్పటిదాకా ఏ గణితం, ఏ ఫిజిక్స్ పూర్తి చేశాడో రాస్తే, ఆరు సెమిస్టర్లలో ఏరోస్పేస్ కుదురుతుందో లేదో నేను కూడా కూర్చుని చూసి చెబుతాను.